రబ్బరు బ్యాండుకు ప్రతిబలం–వికృతి గీత సరళరేఖగా రావడం లేదు: తప్పు హుక్ సూత్రానిదా, నా కొలతలదా?

చాక్‌పీస్ (దిల్‌సుఖ్‌నగర్):

అందరికీ నమస్కారం. నేను ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరం పిల్లలకు సాయంత్రం పూట భౌతికశాస్త్రం చెబుతుంటాను. ఘనపదార్థాల యాంత్రిక ధర్మాల పాఠం నడుస్తుండగా ఒక అమ్మాయి లేచి, "సార్, రబ్బరు కంటే ఉక్కుకే స్థితిస్థాపకత ఎక్కువ అంటున్నారు, మరి సాగి వెనక్కి వచ్చేది రబ్బరే కదా" అని అడిగింది. యంగ్ గుణకం (ప్రతిబలాన్ని, అంటే వైశాల్యంతో భాగించిన బలాన్ని, వికృతితో, అంటే అసలు పొడవులో ఎన్నో వంతు సాగిందో దానితో భాగిస్తే వచ్చేది) నిర్వచనం మరోసారి బోర్డు మీద రాశాను గానీ ఆమెకు తృప్తి కలగలేదని ముఖం చూస్తేనే తెలిసింది. నిజం చెప్పాలంటే నాకూ కలగలేదు.

అందుకని ఆదివారం ఇంట్లోనే ప్రయోగం చేశాను. బేగంబజారులో కిలో లెక్కన కొన్న రబ్బరు బ్యాండ్లలో ఒకదాన్ని బాల్కనీ కొక్కేనికి తగిలించి, కింద కిరాణా కొట్టులో అరువు తెచ్చుకున్న తూనికరాళ్ళను ఒక పలుచటి సంచిలో వేస్తూ, స్టీలు స్కేలుతో పొడవు కొలిచాను. పట్టీ వెడల్పు 3 మి.మీ., మందం 1 మి.మీ. బ్యాండు ఉచ్చులా ఉంటుంది కనుక రెండు పట్టీలకూ కలిపి మధ్యచ్ఛేద వైశాల్యం 6 చదరపు మి.మీ. అని తీసుకున్నాను. బరువేమీ లేనప్పుడు పొడవు 60 మి.మీ. ఆ తరువాత వచ్చిన కొలతలివి:

100 గ్రాములకు 68 మి.మీ., 200కు 80, 300కు 96, 400కు 115, 500కు 136, 600కు 158, 800కు 204, 1000కి 240, 1200కు 268, 1400కు 286 మి.మీ.

గ్రాఫు కాగితం మీద చుక్కలు కలిపితే, హుక్ సూత్రం ప్రకారం రావలసిన సరళరేఖ రాలేదు. మొదట్లో నూరు గ్రాములకు 8 మి.మీ. సాగిన బ్యాండు మధ్యలో అదే నూరు గ్రాములకు 23 మి.మీ. దాకా సాగింది, చివర మళ్ళీ 9 మి.మీ.కు పడిపోయింది. బరువులు తీసేస్తూ వచ్చినప్పుడు ఇంకొక విచిత్రం జరిగింది. 600 గ్రాముల దగ్గర 158 ఉండవలసిన చోట 169 చూపింది. అన్నీ తీసేశాక 63 మి.మీ. దగ్గర ఆగి, మర్నాడు పొద్దునకు 61కి వచ్చింది.

నా సందేహాలు మూడు. సరళరేఖ రాకపోతే రబ్బరును స్థితిస్థాపక పదార్థం అనవచ్చునా? సాగేకొద్దీ పట్టీ సన్నబడుతోంది కదా, ప్రతిబలం లెక్కించేటప్పుడు ఏ వైశాల్యంతో భాగించాలి? వెళ్ళిన దారిన వెనక్కి రాకపోవడానికి కారణమేమిటి? ఇదే అమ్మాయి తన కళాశాల పరీక్షలో రబ్బరుకు వంపు గీత గీస్తే మార్కులు కోశారట. కనుక సరైన సమాధానం ఆమెకు చెప్పవలసిన బాధ్యత నా మీద ఉంది.

ఎంట్రోపీ అమ్మ (తార్నాక):

మాస్టారూ, మీ కొలతలు బాగున్నాయి. ఆ అమ్మాయి గీసిన గీత కూడా సరైనదే. 1944లో ట్రెలోర్ అనే శాస్త్రవేత్త, వల్కనైజ్ చేసిన (గంధకంతో వేడిచేసిన) సహజ రబ్బరు మీద తీసిన కొలతలు ఈ రంగంలో ఇప్పటికీ అందరూ పోల్చి చూసుకునే కొలతలు. వాటి గీత కూడా మీ గీతలాగే మొదట నిటారుగా లేచి, మధ్యలో వాలి, చివర మళ్ళీ నిటారుగా లేస్తుంది.

మొదటి సందేహంతో మొదలుపెడతాను. స్థితిస్థాపకత అంటే బలం తీసేశాక పూర్వపు ఆకారానికి రావడం, అంతవరకే. బలానికీ సాగుదలకూ అనుపాతం ఉండాలన్నది దానికి అదనంగా కొన్ని పదార్థాలు కొంత మేరకు మాత్రమే పాటించే నియమం. హుక్ 1678లో "సాగుదల ఎంతో బలం అంత" అని ప్రకటించినది స్ప్రింగులకూ తీగలకూ సరిపోయింది, ఎందుకంటే వాటిలో వికృతి చాలా స్వల్పం. మామూలు ఉక్కు తీగ వెయ్యింట ఒకటి రెండు వంతులు సాగేసరికే దాని స్థితిస్థాపక అవధి (దాటితే పూర్వపు ఆకారానికి పూర్తిగా రాని హద్దు) దగ్గర పడుతుంది. మీ బ్యాండు దాదాపు ఐదు రెట్ల పొడవుకు వెళ్ళి వెనక్కి వచ్చింది. అంత దూరం వెళ్ళిన గీత వంగకపోతేనే ఆశ్చర్యపోవాలి.

ఇక "ఉక్కుకే స్థితిస్థాపకత ఎక్కువ" అనే వాక్యం గురించి. అందులో చెప్పదలచినది యంగ్ గుణకం సంగతి మాత్రమే. మీ మొదటి కొలతనే తీసుకుంటే, 100 గ్రాముల బరువు అంటే 0.981 న్యూటన్లు, దాన్ని 6 చదరపు మి.మీ.తో భాగిస్తే ప్రతిబలం సుమారు 0.16 మెగాపాస్కల్ (చదరపు మి.మీ.కు ఒక న్యూటన్ అంటే ఒక మెగాపాస్కల్), వికృతి 8/60 అంటే 0.13. గుణకం సుమారు 1.2 మెగాపాస్కల్ వస్తుంది. ఉక్కుకు అది సుమారు 2,00,000 మెగాపాస్కల్. అంటే ఒకే కొలతలున్న ఉక్కు పట్టీ మీ రబ్బరు కంటే లక్షన్నర రెట్లకు పైగా గట్టిగా ఎదురు నిలుస్తుంది. దీన్ని "ఉక్కుకు గట్టిదనం ఎక్కువ" అని రాసి ఉంటే ఏ పిల్లకూ సందేహం వచ్చేది కాదు. స్థితిస్థాపకత అన్న మాటను గుణకానికి బదులుగా వాడడం వల్లనే ఏటా ఇదే ప్రశ్న తరగతి గదిలో లేస్తోందని నా అభిప్రాయం.

రెండవ సందేహానికి: రెండు వైశాల్యాలతోనూ భాగించవచ్చు, కానీ దేనితో భాగించారో తప్పక చెప్పాలి. సాగక ముందున్న వైశాల్యంతో భాగిస్తే వచ్చేది ఇంజినీరింగ్ ప్రతిబలం. ఆ క్షణాన ఉన్న వైశాల్యంతో భాగిస్తే వచ్చేది నిజ ప్రతిబలం. ఉక్కు తీగలో, స్థితిస్థాపక అవధి లోపల ఈ రెండింటి తేడా కంటికి ఆనదు. రబ్బరులో అలా కాదు. రబ్బరు సాగినప్పుడు దాని ఘనపరిమాణం దాదాపు మారదు, అందువల్ల పొడవు నాలుగు రెట్లయితే వైశాల్యం నాలుగో వంతవుతుంది. మీ 1000 గ్రాముల కొలతలో సరిగ్గా ఇదే జరిగింది: పొడవు 60 నుంచి 240 అయింది, వైశాల్యం 6 నుంచి 1.5 చదరపు మి.మీ.కు తగ్గింది. పాత వైశాల్యంతో ప్రతిబలం 1.64 మెగాపాస్కల్, కొత్త వైశాల్యంతో 6.54. గీత మధ్యలో వాలిపోవడానికి ఒక ముఖ్య కారణం పట్టీ ఇలా సన్నబడడమే.

అసలు విషయం ఇంకా లోపల ఉంది. ఉక్కును లాగితే పరమాణువుల మధ్య దూరం పెరుగుతుంది. ఆ బంధాలు వెనక్కి లాగుతాయి. రబ్బరును లాగితే బంధాలు దాదాపు సాగనే సాగవు. దాని అణువులు వేల కొద్దీ ఐసోప్రీన్ ముక్కలు వరుసగా అతుక్కున్న పొడవాటి గొలుసులు, అక్కడక్కడ గంధకం వేసిన ముళ్ళతో ఒకదానికొకటి కట్టుబడి ఉంటాయి. ఆ ముళ్ళు లేని పచ్చి రబ్బరు వేసవిలో జిగటగా సాగిపోతుంది. గంధకంతో వేడిచేస్తే ఆ దోషం పోతుందని 1839లో గుడ్‌ఇయర్ కనుక్కున్నాడు. ఈ గొలుసులు మామూలుగా నిటారుగా ఉండవు, వేడి వల్ల నిరంతరం కదులుతూ ముడుచుకొని ఉంటాయి.

నా తరగతిలో నేను నుమాయిష్ ఉదాహరణ చెబుతాను. జనవరిలో నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో ఇరవై మంది పిల్లలు చేతులు పట్టుకొని వరుసగా నడుస్తున్నారనుకోండి. చుట్టూ జనం తోసుకుంటూ ఉంటే ఆ వరుస నిటారుగా నిలవదు, వంకరలు తిరుగుతుంది, చివరల్లో ఉన్న ఇద్దరూ దగ్గరకు వస్తారు. ఏ పిల్లవాడూ తన పక్కవాడిని గుంజలేదు, చేతులు పొడవు కాలేదు, పొట్టి కాలేదు. అయినా రెండు చివరలనూ పట్టి నిటారుగా ఉంచాలంటే మీరు బలం పెట్టవలసిందే. ఆ వెనక్కి లాగే బలం పుట్టింది జనం తోపులాట నుంచి. రబ్బరులో తోపులాట అంటే వేడి. వంకరగా ఉండడానికి లక్షల రీతులున్నాయి, నిటారుగా ఉండడానికి ఒక్కటే. ఎంట్రోపీ అన్న మాటకు ఇక్కడ అర్థం అంతే.

ఈ ఒక్క ఊహతో లెక్క కడితే ఒక సూత్రం వస్తుంది. సాగిన పొడవును అసలు పొడవుతో భాగించి వచ్చిన దాన్ని సాగుదల నిష్పత్తి అందాం. ఆ నిష్పత్తి నుంచి, దాని వర్గంతో ఒకటిని భాగిస్తే వచ్చేదాన్ని తీసివేయండి. మిగిలిన దాన్ని ఒక స్థిరాంకంతో గుణిస్తే ఇంజినీరింగ్ ప్రతిబలం వస్తుంది. ఆ స్థిరాంకమే షియర్ మాడ్యులస్, అంటే పదార్థాన్ని పక్కకు జరిపితే అది ఎంత గట్టిగా ఎదురు నిలుస్తుందో చెప్పే అంకె. మీ అంకెలతో చూశాను. 300 గ్రాముల నుంచి 800 గ్రాముల దాకా ఆ స్థిరాంకం 0.39 – 0.41 మెగాపాస్కల్ మధ్యనే ఉంది. 1200 గ్రాముల దగ్గర 0.44కి, 1400 దగ్గర 0.48కి పెరిగింది. అక్కడ గొలుసులు నిటారు కావడానికి వచ్చేశాయి, ఇక ఇవ్వడానికి వాటి దగ్గర వంకరలు మిగల్లేదు. పైగా సహజ రబ్బరులో నిటారైన గొలుసులు పక్కపక్కన చేరి స్ఫటికాలు కడతాయి. మీ గీత చివర లేవడానికి కారణాలు ఈ రెండే.

దీన్ని పిల్లల చేత పెదవులతో పరీక్ష చేయించండి. వెడల్పాటి బ్యాండును పెదవులకు ఆనించి చటుక్కున సాగదీస్తే వెచ్చగా తగులుతుంది. అలాగే పట్టి ఉంచి, వేడి చల్లారాక చటుక్కున వదిలిస్తే చల్లగా తగులుతుంది. 1805లో దీన్ని వర్ణించిన గఫ్ అనే పండితుడు అంధుడు. 1859లో జౌల్ దీన్ని అంకెలతో కొలిచాడు. ఇంకొకటి: బరువు వేలాడుతున్న బ్యాండును వేడి చేయండి. లోహపు తీగ అయితే సాగుతుంది. రబ్బరు ఏం చేస్తుందో నేను చెప్పను, మీరే చూసి రాయండి.

అచ్చు మేస్త్రి (బాలానగర్):

మేడమ్ గారు సిద్ధాంతం చెప్పారు కనుక నేను షెడ్డు సంగతి చెబుతాను. ముప్పై ఏళ్ళుగా రబ్బరు సీళ్ళు, వాషర్లు, బుష్షులు అచ్చు పోస్తున్న చిన్న యూనిట్లలో పనిచేశాను.

మాస్టారు అడిగిన మూడవ ప్రశ్న మాకు రోజూ ఎదురయ్యేదే. రబ్బరు వెళ్ళిన దారిన వెనక్కి రాదు. పోయేటప్పుడు మీరు పెట్టిన పని కంటే వచ్చేటప్పుడు అది తిరిగి ఇచ్చే పని తక్కువ. రెండు గీతల మధ్య చిక్కిన వైశాల్యమే ఆ తేడా, అది వేడిగా పోతుంది. దీన్నే హిస్టెరిసిస్ అంటారు. ఎండాకాలం ఔటర్ రింగ్ రోడ్డు మీద యాభై కిలోమీటర్లు పోయి ఆగి టైరు మీద చెయ్యి పెట్టి చూడండి. ఆ వేడి అంతా తారు రోడ్డుది కాదు, టైరు ప్రతి చుట్టులోనూ నొక్కుకొని లేస్తూ లోపల పుట్టించుకున్నది కూడా. ఇది ఎప్పుడూ లోపమే కాదు. ఇంజిను కింద పెట్టే మౌంటింగుకు కంపనాన్ని మింగే ఈ గుణమే కావాలి.

అయితే మీ కొలతల్లోని తేడా అంతా హిస్టెరిసిస్ ఖాతాలో వేయకండి. కొత్త బ్యాండును మొదటిసారి లాగినప్పుడు అది కొంత బిరుసుగా ఉంటుంది. రెండోసారి అంతే దూరం లాగితే మెత్తగా వస్తుంది. దీన్ని ముల్లిన్స్ ప్రభావం అంటారు, ముఖ్యంగా కార్బన్ బ్లాక్ (మసి పొడి) కలిపిన రబ్బరులో బాగా తెలుస్తుంది. అందుకే అవసరాన్ని బట్టి నమూనాను ముందుగా మూడు నాలుగు సార్లు లాగి వదిలి, ఆ తరువాతే కొలత మొదలుపెడతాం. ఇంకొకటి, బరువు వేసిన వెంటనే చదివిన పొడవు, రెండు నిమిషాలు ఆగి చదివిన పొడవు ఒకటి కావు. ప్రతి బరువుకూ ఒకే వ్యవధి ఇవ్వండి, గడియారం పెట్టుకొని.

పొడవు కొలిచే పద్ధతి కూడా మార్చండి. కొక్కెం దగ్గర బ్యాండు వంగి ఉంటుంది, అక్కడి సాగుదల నడుమ ఉన్నట్టు ఉండదు. పట్టీ మధ్యలో బాల్‌పెన్నుతో 20 మి.మీ. దూరంలో రెండు సన్నని గీతలు గీసి వాటి మధ్య దూరమే చూడండి. మేము డంబెల్ ఆకారంలో కోసిన ముక్క మీద చేసేది కూడా అదే. భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 3400 మొదటి భాగం ప్రకారం లాగుడు పరీక్ష చేసేటప్పుడు ముక్కను పట్టుకున్న యంత్రపు దవడలు నిమిషానికి 500 మి.మీ. వేగంతో విడిపోతాయి. మీరు ఒక్కొక్క రాయి వేస్తూ నెమ్మదిగా కొలిచారు. వేగం మారితే అంకె మారుతుంది, రబ్బరుకు ఇది మరిచిపోకూడని సంగతి.

పిల్లలు రేపు పరిశ్రమకు వస్తే తడబడే చోటు ఒకటుంది. మా దగ్గర "మాడ్యులస్ 300" అంటే గుణకం కాదు. 300 శాతం సాగినప్పుడు ఉన్న ప్రతిబలం. గీత వాలు కాదది, గీత మీద ఒక బిందువు. ఒక కొత్త ఇంజినీరు దాన్ని యంగ్ గుణకమనుకొని లెక్క కట్టి డ్రాయింగు పంపితే, వాషర్లు రెండు వందలు పోసి పక్కన పడేయవలసి వచ్చింది. తప్పు అతనిది కాదు, ఆ మాటను అలా వాడుతున్న మా అందరిదీ.

చాక్‌పీస్ (దిల్‌సుఖ్‌నగర్):

ఇద్దరికీ కృతజ్ఞతలు. నిన్న సాయంత్రం పదకొండు మంది పిల్లల ముందు మళ్ళీ చేశాను. మేస్త్రి గారు చెప్పినట్టు కొత్త బ్యాండును నాలుగు సార్లు లాగి వదిలి, పెన్ను గీతలు గీసి, ప్రతి బరువుకూ ఒక నిమిషం ఆగి కొలిచాను. వచ్చే గీతకూ పోయే గీతకూ దూరం బాగా తగ్గింది, కానీ పూర్తిగా కలవలేదు. పెదవుల పరీక్షకు పిల్లలు ఎగబడ్డారు. చల్లదనమే ఎక్కువ స్పష్టంగా తెలిసిందని అందరూ అన్నారు.

వేడి చేసే ప్రయోగంలో మాత్రం మొదట భంగపడ్డాను. 100 గ్రాముల రాయి వేలాడదీసి హెయిర్ డ్రయ్యరుతో వేడి గాలి కొట్టాను. పొడవు మారలేదు. పిల్లలు నవ్వు ఆపుకుంటున్నారు. పట్టుదలతో 600 గ్రాములకు పెంచి మళ్ళీ కొట్టాను. సంచి నెమ్మదిగా పైకి లేచింది, 5 మి.మీ. దాకా. గాలి ఆపగానే మెల్లగా దిగింది. "జనం తోపులాట పెరిగింది సార్" అని ఆ మొదటి అమ్మాయే అన్నది. మరి 100 గ్రాములకు ఎందుకు లేవలేదు?

పియర్ క్యాప్ (మియాపూర్):

ఆ ప్రశ్నకు మేడమ్ గారే జవాబు చెప్పాలి. ఈలోగా ఘనపరిమాణం మారదన్న మాట మీద ఒకటి చేర్చాలనిపించింది. నేను వంతెనల డిజైనులో పనిచేస్తాను.

నగరంలో ఏదైనా ఫ్లైఓవర్ కింద నిలబడి స్తంభం తలను చూస్తే, చాలా చోట్ల గర్డరుకూ స్తంభానికీ మధ్య నల్లటి దిమ్మ కనిపిస్తుంది. అది రబ్బరు బేరింగు. ఇంత మెత్తని పదార్థం వందల టన్నులను ఎలా మోస్తుందని మా సైటు చూడటానికి వచ్చినవారు అడుగుతుంటారు. రబ్బరును ఆకారం మార్చడం తేలిక, ఘనపరిమాణం తగ్గించడం కష్టం. అన్ని వైపుల నుంచీ నొక్కితే అది దాదాపు నీటిలాగే ఎదురు తిరుగుతుంది, దాని ఆయత గుణకం సుమారు 2,000 మెగాపాస్కల్ ఉంటుంది. అదే పక్కకు జరిపితే ఎదురు నిలిచే షియర్ మాడ్యులస్ బేరింగు రబ్బరుకు సుమారు 1 మెగాపాస్కల్ మాత్రమే. పైనుంచి నొక్కినప్పుడు రబ్బరు దిగాలంటే పక్కలకు ఉబ్బాలి. ఆ ఉబ్బును ఆపడానికి దిమ్మ లోపల ఉక్కు రేకులను పొరలు పొరలుగా పెట్టి వల్కనైజేషన్‌తో అతికిస్తారు. ఉబ్బడానికి చోటు లేక నిలువునా చాలా గట్టిగా మారుతుంది, అడ్డంగా మాత్రం మెత్తగానే ఉండిపోతుంది.

అడ్డంగా మెత్తగా ఉండడమే మాకు కావలసినది. 30 మీటర్ల కాంక్రీటు గర్డరు చలికాలపు తెల్లవారుజాముకూ వేసవి మధ్యాహ్నానికీ మధ్య 30 డిగ్రీల తేడాకు సుమారు 11 మి.మీ. పొడవు మారుతుంది. రెండు చివరలకూ పంచితే ఒక్కో వైపు ఐదున్నర. దిమ్మలో రబ్బరు మొత్తం మందం 40 మి.మీ. అయితే షియర్ వికృతి (పక్కకు జరిగిన దూరాన్ని మందంతో భాగిస్తే వచ్చేది) సుమారు 0.14, ప్రతిబలం 0.14 మెగాపాస్కల్. స్తంభానికి ఆ తోపు ఒక లెక్క కాదు. ఇక్కడ గీత సరళరేఖగా ఉందనుకొని లెక్క కట్టినా పెద్దగా తప్పు రాదు. కనుక మీ పిల్లలకు హుక్ సూత్రం రబ్బరుకు పనికిరాదని మాత్రం చెప్పకండి. ఎంత వికృతి దాకా పనికొస్తుందో చెప్పండి.

ఎంట్రోపీ అమ్మ (తార్నాక):

పియర్ క్యాప్ గారి చివరి రెండు వాక్యాలు నేనే మొదట రాయవలసినవి.

మాస్టారి 100 గ్రాముల సంగతికి వస్తాను. వేడి చేసినప్పుడు రబ్బరులో రెండు పనులు ఒకేసారి జరుగుతాయి. గొలుసుల తోపులాట పెరిగి బ్యాండు ముడుచుకోవాలని చూస్తుంది. అన్ని పదార్థాల్లాగే రబ్బరు కూడా వేడికి కాస్త వ్యాకోచించి పొడవు కావాలని చూస్తుంది. సాగుదల చాలా తక్కువగా ఉన్నప్పుడు రెండవది గెలుస్తుంది. సుమారు 10 శాతం సాగుదల దగ్గర రెండూ సమానమై ఏ మార్పూ కనిపించదు. అంతకు మించి సాగిన రబ్బరులో ముడుచుకోవడమే గెలుస్తుంది. మీ 100 గ్రాముల బ్యాండు 13 శాతమే సాగి ఉంది, అంటే దాదాపు ఆ సమాన బిందువు దగ్గరే ఉంది, అక్కడ మిగిలే కొద్దిపాటి కదలిక స్టీలు స్కేలుకు అందదు. ప్రయోగం విఫలమైందని మీరనుకున్నది నిజానికి ఒక కొలత.

ఇంకొక లెక్క పిల్లలకు ఇవ్వండి. బాగా సాగిన రబ్బరును అదే పొడవు దగ్గర పట్టి ఉంచితే లాగే బలం పరమ ఉష్ణోగ్రతకు దాదాపు అనుపాతంలో ఉంటుంది. మన ఊళ్ళో మే నెల మధ్యాహ్నం 42 డిగ్రీలు అంటే 315 కెల్విన్, డిసెంబరు తెల్లవారుజామున 12 డిగ్రీలు అంటే 285. అంటే ఒకే బ్యాండు వేసవిలో సుమారు పదోవంతు ఎక్కువ బలంతో లాగుతుంది.

చాక్‌పీస్ (దిల్‌సుఖ్‌నగర్):

అర్థమైంది మేడమ్. 50 గ్రాముల రాయితో కూడా చేసి చూస్తాను, అప్పుడు బ్యాండు పొడవు కావాలి కదా. స్టీలు స్కేలుకు అందకపోతే, సంచికి ఒక పుల్ల కట్టి దాని కొన నీడను గోడ మీద పెద్దదిగా పడేట్టు చేద్దామని ఆ అమ్మాయి అంటోంది. తూనికరాళ్ళు తిరిగి ఇమ్మని కింద కొట్టాయన రెండుసార్లు కబురు పెట్టారు, ఈ ఆదివారం దాకా గడువు అడిగాను.